గ్రీన్‌కార్డుతో తిరిగొస్తే: ఉంచుకోవాలా, పౌరసత్వం తీసుకోవాలా, వదిలేయాలా?

అమెరికా నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చేసే కుటుంబాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: “కార్డు ఉంటే ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది.” వీసా సంగతి పక్కన పెట్టి పన్ను ఒక్కటే చూస్తే, ఉన్న మూడు దారుల్లో ఇదే అధ్వానం అంటాను.

ఇండియాలో పన్నుకు ప్రధానంగా రోజుల లెక్క. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే రెసిడెంట్. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది అంతగా పట్టించుకోరు. దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల మనిషి అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను కట్టనిది అందుకే. 2020లో పౌరసత్వాన్ని చూసే నిబంధన ఒకటి వచ్చింది. ఏ దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుడికి ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే రెసిడెంట్ కింద లెక్కగడతారు. అయినా గల్ఫ్ జీతం జోలికి అది రాదు.

అమెరికా అలా కాదు. పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవారైనా గుంటూరులో కూర్చుని సంపాదించినా సరే, ఎక్కడి ఆదాయమైనా అక్కడి రిటర్న్‌లో చూపాల్సిందే. హెచ్1బీ మీద ఉండి వచ్చేసినవాళ్లకు ఈ గొడవ లేదు. వచ్చిన ఏడాది లెక్క తేలాక, అక్కడ మిగిలిన ఇంటి అద్దె, డివిడెండ్ లాంటివి తప్ప అమెరికా పెద్దగా ఏమీ అడగదు.

జీతం గురించి మాత్రం అనవసరంగా టెన్షన్ పడతారు. హైదరాబాద్‌లో ఏడాదికి 40 లక్షల జీతం అనుకోండి. 2025-26 కొత్త విధానంలో సెస్‌తో కలిపి ఇక్కడే దాదాపు 7.88 లక్షలు కట్టేస్తారు. అదే జీతానికి అమెరికా లెక్క వేస్తే పన్ను అంతకంటే చాలా తక్కువే వస్తుంది. ఇక్కడ కట్టింది అక్కడ క్రెడిట్‌గా చూపిస్తే చేతినుంచి పడేది సున్నా. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉందిగా అని ధీమా పడేవాళ్లూ ఉన్నారు కానీ, తన పౌరులకు తన చట్టం ప్రకారమే పన్ను వేసుకునే హక్కును ఆ ఒప్పందంలోనే అమెరికా అట్టిపెట్టుకుంది. మిమ్మల్ని కాపాడేది ఎక్కువగా ఆ క్రెడిటే.

అసలు దెబ్బ మ్యూచువల్ ఫండ్ల దగ్గర తగులుతుంది. ఈక్విటీ ఫండ్‌లో ఏడాది దాటాక 10 లక్షల లాభం వచ్చిందనుకుందాం. ఇండియాలో 1.25 లక్షలు మినహాయించి మిగతాదానికి 12.5 శాతం, అంటే లక్షా పదివేల చిల్లర. అమెరికా దృష్టిలో మన ఫండ్ పీఫిక్ (పెట్టుబడుల ఆదాయం మీదే నడిచే విదేశీ కంపెనీ) అనే కోవలోకి వస్తుంది. ముందే వేరే పద్ధతి ఎంచుకోకపోతే, ఆ లాభాన్ని మీరు యూనిట్లు పెట్టుకున్న ఏళ్ల మీద పంచి, గడిచిన ఏళ్ల వాటాకు అప్పటి అత్యధిక రేటు వేస్తారు. ఇప్పటి రేటు 37 శాతం. ఆపైన ఇన్నాళ్లూ కట్టనందుకు వడ్డీ. ప్రతి ఫండ్‌కూ విడిగా 8621 ఫారం, సిప్ అయితే ప్రతి నెల వాయిదాకూ వేరే లెక్క. పన్ను కంటే ఆడిటర్ ఫీజే ఎక్కువయ్యే సందర్భాలూ ఉంటాయి. పీపీఎఫ్ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు వేయాలి. దానికి పన్ను లేదు గానీ మర్చిపోతే జరిమానా గట్టిగానే ఉంటుంది.

ఈ భారం పౌరుడికీ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ ఒకటే. తేడా ఏమిటంటే, పౌరుడు పదేళ్ల తర్వాతైనా విమానం ఎక్కి వెళ్లిపోవచ్చు. కార్డు ఉన్నవారు రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి బయట ఉంటే ఆ హక్కుకే ఎసరొస్తుంది. పన్ను బాధ్యత మాత్రం దానంతట అది పోదు. కార్డు గడువు తీరి బీరువాలో పడి ఉన్నా, ఐ-407 ఫారం ఇచ్చి వదులుకునేదాకా మామూలుగా అమెరికా లెక్కలో మీరు రెసిడెంటే. వెళ్లే హక్కు లేదు, కట్టే బాధ్యత ఉంది! అధ్వానం అన్నది ఇందుకే.

వదులుకోవాలంటే ఎప్పుడు అన్నదే కీలకం. గత 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉంటే పౌరసత్వం వదులుకునేవారికి పెట్టే నిబంధనలే మీకూ పెడతారు. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా అది ఏడాదే. 2018 డిసెంబర్ 20న కార్డు వస్తే 2018 మొదటి ఏడాది, 2025 జనవరి 1కే ఎనిమిదోది. చేతిలో పెట్టుకున్నది ఆరేళ్ల పైచిలుకే! గీత దాటాక నికర ఆస్తి 20 లక్షల డాలర్లున్నా, గత ఐదేళ్ల పన్ను సగటు పరిమితి దాటినా, ఆస్తులన్నీ అమ్మినట్టు లెక్కగట్టి ఎగ్జిట్ ట్యాక్స్ వేస్తారు. లాభంలో కొంత మినహాయింపు ఉంటుంది. చాలామంది చూసుకోని షరతు ఇంకొకటి ఉంది: గత ఐదేళ్ల రిటర్నులు, ఫారాలు అన్నీ సరిగ్గా వేశామని ధ్రువీకరించలేకపోతే, ఆస్తి తక్కువున్నా ఇందులో పడతారు.

గీత దాటకముందే వదులుకుంటే ఒక లాభం ఉంది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవారికి ఇండియా రెండు, మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ (రెసిడెంటే గానీ పూర్తి స్థాయి రెసిడెంట్ కాదు) హోదా ఇస్తుంది. ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద మామూలుగా ఇక్కడ పన్ను లేదు. కార్డు వదిలి నాన్-రెసిడెంట్ అయినవారు అమెరికా షేర్లు అమ్మితే ఆ లాభం మీద అక్కడా సాధారణంగా పన్ను లేదు. ఆ సమయంలో అమ్మి, డబ్బు ముందు అక్కడి ఖాతాలోనే వేసుకుంటే రెండు వైపులా మిగులుతుంది. అమ్మకుండా అట్టిపెట్టుకోవడంలో ఇంకో ప్రమాదమూ ఉంది. అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీయులు చనిపోతే, అక్కడి షేర్ల వంటి ఆస్తుల్లో 60,000 డాలర్లు దాటినదానిపై 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను పడుతుంది. అక్కడి ఉద్యోగంలో పోగైన రిటైర్‌మెంట్ ఖాతా 401(కె) సంగతి వేరు. తిరిగొచ్చినవారు డబ్బు తీసుకున్నప్పుడే ఇక్కడ పన్ను కట్టేలా 2021లో వెసులుబాటు ఇచ్చారు.

అందుకే ఇక్కడే స్థిరపడేవారికైతే ఎనిమిదో ఏడు రాకముందే వదిలేయడం మేలు. పిల్లలు అక్కడే ఉండి, రాకపోకలు తప్పవనుకుంటే పౌరసత్వం తీసుకునే రండి. ఏటా ఆడిటర్ ఫీజు తప్పదు, ఇక్కడ ఫండ్ల బదులు నేరుగా షేర్లు కొనుక్కోవాలి, పొలం కొనే హక్కూ పోతుంది. ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్నవారికి వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు గానీ కొనడానికి లేదు. అక్కడ పుట్టిన పిల్లలు ఎలాగూ అమెరికా పౌరులే కాబట్టి, మనవడి పేర తాతగారు మొదలుపెట్టిన సిప్ కూడా 8621 లెక్కలోకి వచ్చి పడుతుంది. అలాంటి సిప్‌ను తాతగారి పేరు మీదే మొదలుపెట్టనివ్వండి.