పాత 767నా, కొత్త ఎ330నా: మన వాయుసేనకు ఏ ట్యాంకర్ మేలు?

ఎండాకాలంలో జలమండలి ట్యాంకర్ బుక్ చేసేటప్పుడల్లా మా కాలనీలో ఒకటే వాదన నడుస్తుంది: పది వేల లీటర్ల బండి ఒకటి చాలా, ఐదు వేల లీటర్లవి రెండు కావాలా? పెద్దదైతే ఒక్క ట్రిప్పుతో పని తీరుతుంది, కానీ అది దారిలో మొరాయిస్తే ఆ రోజుకు వీధి మొత్తానికీ నీళ్లుండవు. గాలిలో ఇంధనం నింపే విమానాల ఎంపికలోనూ చిక్కు అలాంటిదే.

మన వాయుసేన వద్ద 2003 నుంచి ఆగ్రా కేంద్రంగా ఎగురుతున్న ఇల్యూషిన్-78 ట్యాంకర్లు సరుకు రవాణా విమానం నుంచి పుట్టినవి. వీటికి తోడుగా ప్రయాణికుల విమానం నుంచి రూపొందిన ఎయిర్‌బస్ ఎ330 ఎంఆర్‌టీటీని (ట్యాంకర్‌గా, రవాణా విమానంగా రెండు విధాలా పనికొచ్చే రకం) రెండుసార్లు ఎంపిక చేసి, మొదట 2010లో, తర్వాత 2016లో, ప్రధానంగా ఖర్చు కారణంగానే వెనక్కి తగ్గారు. దానికి ఎదురుగా ఉన్నది, వాడిన బోయింగ్ 767ను ఇజ్రాయెల్ సంస్థ ఐఏఐ ట్యాంకర్‌గా మార్చి ఇచ్చే పద్ధతి.

సత్తా ఒక్కటే చూస్తే ఎ330కి సాటి లేదు. నాలుగు ఇంజిన్ల ఎ340తో ఇది రెక్క నిర్మాణాన్ని పంచుకుంది కాబట్టి, అక్కడ బయటి ఇంజిన్ వేలాడే చోట ఇక్కడ ఇంధన గొట్టాన్ని చుట్టి ఉంచే పాడ్‌ను (డబ్బాను) బిగించారు. ఆ బరువును మోయడానికి రెక్కకు కొత్తగా బలం చేర్చవలసిన అవసరం పెద్దగా రాలేదు. ఉన్న ట్యాంకుల్లోనే 111 టన్నుల ఇంధనం పడుతుంది కనుక కింది సరుకు గది ఖాళీగా మిగులుతుంది, పైన మూడు వందల మంది వరకు సైనికులు కూర్చోవచ్చు. 767-200ఈఆర్ సొంత ట్యాంకుల్లో పట్టేది దాదాపు 73 టన్నులే. అంతకు మించి కావాలంటే సరుకు గదిలో అదనపు ట్యాంకులు పెట్టాలి, అంటే ఇంధనం పెరిగిన మేరకు సామాను చోటు తగ్గుతుంది. అదే 767 వంశంలో కొత్తగా తయారయ్యే అమెరికా కేసీ-46 సుమారు 96 టన్నులు మోస్తుంది గానీ, దాని బూమ్‌ను (తోక కింద నుంచి చాచి అవతలి విమానంలో దూర్చే గట్టి గొట్టాన్ని) నడిపే ఉద్యోగి తోకలోని కిటికీలోంచి కాకుండా ముందు భాగంలో కూర్చుని కెమెరా తెరపై చూస్తూ పని చేయాలి. ఆ దృశ్య వ్యవస్థ లోపాలు ఏళ్ల తరబడి తీరలేదు కనుక దాన్ని పక్కన పెడుతున్నాను.

అసలు తేడా తెచ్చేది మన విమానాలు ఇంధనం తీసుకునే తీరు. సుఖోయ్-30, రఫాల్, మిరాజ్, తేజస్ అన్నీ ముందుకు పొడుచుకొచ్చిన ప్రోబ్‌ను, ట్యాంకర్ వదిలిన గొట్టం చివర షటిల్‌కాక్‌లా ఊగే బుట్టలోకి గుచ్చి తాగేవే. ఎ330 బూమ్ నిమిషానికి 3,600 కిలోలు పంపగలదు, రెక్క గొట్టం 1,300 కిలోలే; అయితే మన దగ్గర బూమ్‌తోనే నింపుకోవలసినవి సీ-17 రవాణా విమానం, పీ-8ఐ సముద్ర గస్తీ విమానం వంటి కొన్నే. రెండు రెక్కల గొట్టాలతో ఒకేసారి రెండు యుద్ధ విమానాలకు నింపే పని 767 కూడా చేయగలదు.

ఎ330 బలం సుదూర ప్రయాణంలో తెలుస్తుంది; 2020 జూలైలో అంబాలాకు వచ్చిన తొలి రఫాల్‌లకు దారిలో ఇంధనం అందించింది ఫ్రెంచ్ ఎ330లే. కానీ లద్దాఖ్ వైపు, బంగాళాఖాతం వైపు ఒకే రోజున ట్యాంకర్లు కావలసి వస్తే ఎంత పెద్దదైనా ఒక్క విమానం రెండు చోట్లా ఉండలేదు. అదే సొమ్ముకు ఎక్కువ సంఖ్యలో వచ్చేటట్లయితే నా మొగ్గు 767 వైపే.

పాతవని జంకనక్కరలేదు. నెదర్లాండ్స్ రెండు డీసీ-10 ప్రయాణికుల విమానాలను ట్యాంకర్లుగా మార్చి 1995 నుంచి 2021 వరకు ఆ రకాన్ని నడిపింది. కొనేటప్పుడు చూడవలసింది తయారైన సంవత్సరం కంటే ల్యాండింగుల లెక్క. ఎగిరిన ప్రతిసారీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరిగి తగ్గుతుంది కాబట్టి, దూర ప్రయాణాలు చేసిన విమానం గంటలు ఎక్కువైనా దేహం తక్కువగా అలసి ఉంటుంది.

ఈ మార్పిడిని మన దేశంలోనే చేయడానికి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్, ఐఏఐ 2022 ఏప్రిల్‌లో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. శంషాబాద్‌లో 737లను సరుకు విమానాలుగా మార్చే ప్రణాళికను 2023లో ప్రకటించినప్పుడు, ఈ పని కూడా మన ఊరికే వస్తే బాగుండునని నాకు ఆశ కలిగిన మాట నిజమే. అయితే సరుకు ఎక్కించడానికి పెద్ద తలుపు కోయడం వేరు, రెక్కలోంచి పాడ్ దాకా ఇంధన పైపులు నడపడం వేరు కాబట్టి, మొదటి విమానాన్ని ఇజ్రాయెల్‌లోనే మన సాంకేతిక నిపుణులు పక్కన నిలబడి చేయించుకోవడం ఉత్తమం. రేపు సీ-17లను ఖండాలు దాటించే అవసరం తరచుగా పడుతుందని వాయుసేన తేల్చితే మాత్రం బూమ్‌కు విలువ పెరుగుతుంది, అప్పుడు నేను ఎ330కే ఓటేస్తాను.