కొరొలేవ్ బతికి ఉంటే: విశాఖ కెఫేలో ఒక బోర్డు గేమ్

విశాఖపట్నం బీచ్ రోడ్డులో, సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన కురుసుర జలాంతర్గామికి కాస్త దూరంలో, మేడ మీద ఒక చిన్న కెఫే ఉంది. అక్కడ గంటకు ఇంత అని తీసుకుని బోర్డు గేములు ఆడుకోనిస్తారు. కెఫే వాళ్ళే తయారు చేసిన చంద్రయాత్ర పోటీ ఆటను మొన్న ఆదివారం మా మేనల్లుడితో కలిసి ఆడాను.

ఈ ఆటలో 1966 జనవరి 14 వరకూ చరిత్ర మారదు. ఆ రోజు శస్త్రచికిత్స సమయంలో మరణించిన సోవియట్ రాకెట్ల రూపకర్త సెర్గీ కొరొలేవ్, ఇక్కడ బతికి బయటపడతాడు. ఇంకేముంది, రష్యా గెలిచినట్టే అనుకుని మావాడు ఎర్ర జెండా తీసుకున్నాడు.

అసలు సరుకంతా సోవియట్ల చంద్రయాత్ర రాకెట్ ఎన్-1లో ఉంది. దాని తొలి దశలోని 30 ఇంజిన్లకు గుర్తుగా అరచేతంత చెక్కపలకకు 30 రంధ్రాలు చేసి, ఎర్ర రంగు వేసిన పుల్లలు గుచ్చారు. ప్రయోగించిన ప్రతిసారీ ఒక పాచిక వరుసను, రెండోది స్థానాన్ని చెబుతాయి. అక్కడి పుల్లను పీకేయాలి. తొలి దశ మొత్తాన్ని ముందుగా నేల మీద మండించి చూసుకుంటే ఈ బెడద తగ్గుతుంది గానీ, ఆ పరీక్షకు రెండేళ్ళ నిధులు పోతాయి. నిజంగానూ సోవియట్లు ఆ పరీక్ష చేయలేదు. 1969 ఫిబ్రవరి నుంచి 1972 నవంబరు దాకా నాలుగుసార్లు ప్రయోగిస్తే నాలుగూ విఫలమయ్యాయి. మావాడూ పరీక్ష మానేశాడు. రెండో ప్రయోగంలో రాకెట్ వేదిక మీదే కూలింది, అచ్చం 1969 జూలై 3న జరిగినట్టే.

"ఆయన్ని బతికించారు గానీ ఖజానా చచ్చింది మామయ్యా" అన్నాడు.

గెలుపును ఒక్క మనిషి ఆయుష్షుకు ముడిపెట్టకపోవడం ఈ ఆటలో నాకు బాగా నచ్చింది. సోవియట్ ల్యాండర్‌లో ఒక్కరికే చోటు అన్న సంగతినీ మరవలేదు. అమెరికా బొమ్మలు రెండు దిగుతాయి, రష్యా బొమ్మ ఒంటరిగా దిగాలి.

అమెరికా పక్షం మాత్రం చప్పగా ఉంది. ముగ్గురు వ్యోమగాములను బలిగొన్న 1967 జనవరి అపోలో అగ్నిప్రమాదాన్ని ఒకసారి ఆడే వంతు పోవడంతో సరిపెట్టారు. నిజానికి ఆ తరువాత నౌకను ఎంతో మార్చాల్సి వచ్చింది. 1968 అక్టోబరు వరకూ అపోలోలో మనుషులు ఎగరలేదు.

ఫిల్టర్ కాఫీ బాగుంది. పెట్టె మీద రెండు గంటలని రాసినా మాకు నాలుగు పట్టింది, బిల్లూ దానికి తగ్గట్టే పెరిగింది. కూర్చోగానే పుల్లలు లెక్కపెట్టుకోండి. మాకు 28 మాత్రమే ఉంటే, మిగతా రెండింటికి వంటింట్లోంచి పంటిపుల్లలు తెచ్చిచ్చారు. చివరి దాకా ఆ రెండు ఇంజిన్లే ఒక్కసారీ చెడలేదు.