పంచాంగం చూసుకుని అండమాన్‌కి

అండమాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ నోట తరచూ వినపడే మాట ఇది: “నీల్ దీవిలో ఆ రాతి వంతెన దగ్గరికి పోలేకపోయాం, అన్నీ నీళ్ళే.” నీళ్ళే ఉంటాయి మరి. లక్ష్మణ్‌పూర్ వైపు ‘హౌరా బ్రిడ్జి’ అని పిలిచే ఆ రాతి తోరణం దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్ళగలం. ప్యాకేజీ కాగితం మీద మాత్రం ‘మధ్యాహ్నం 2 గంటలకు నేచురల్ బ్రిడ్జి’ అని నెలల ముందే అచ్చేసి ఉంటుంది. ఏ తిథినాడు వెళ్ళినా అదే వేళ. ఈ నాలుగు మాటలూ ఆ కాగితం మీది కోపంతో రాస్తున్నవే.

సముద్రానికి రోజుకు రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు ఆట్లు (వెనక్కి తగ్గడం). పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ్టి ఆటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల నీరు బాగా లోపలికి పోతుంది, అష్టమి ప్రాంతంలో అంతగా పోదు. అంటే విమానం టికెట్లు కొనేముందు వంటింటి గోడ మీది క్యాలెండర్ ఒకసారి చూస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి పోర్ట్‌బ్లెయిర్ ఆటుపోట్ల వేళలు ముందుగానే దొరుకుతాయి. అలల ఎత్తు ఎంత ఉండబోతోందో మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ రోజూ చెబుతుంది.

రాతి తోరణానికి నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకోవాలి. అప్పుడు రాళ్ళ మధ్య మడుగుల్లో చిక్కుకుపోయిన రంగు చేపలు, సముద్ర దోసకాయలనే జీవులు తీరిగ్గా చూసి, నీరు తిరగబడేలోపు బయటపడొచ్చు. హవాయి చెప్పులు వేసుకొస్తే జారతారు. వెనక పట్టీ ఉండి, పట్టు దొరికే చెప్పులు కావాలి. భరత్‌పూర్ బీచ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ గాజు అడుగు పడవలకు నీరు నిండుగా ఉండాలి, ఆటులో వెళితే పడవవాళ్ళు బేరం తగ్గిస్తారు గానీ చూడటానికి రాళ్ళే మిగులుతాయి. ఒక్క పగట్లో రెండూ కుదరడం అదృష్టం. అందుకే నీల్‌లో ఒక రాత్రి ఉండాల్సిందే. ప్యాకేజీలు ఆ రాత్రినే కోసేసి, ‘పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం’ అని అమ్ముతాయి.

రెండో లెక్క సూర్యుడిది. ఈ దీవులు మనకు చాలా తూర్పున, 92-93 డిగ్రీల రేఖాంశాల దగ్గర ఉన్నాయి. గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం అయిదింటికల్లా పొద్దు వాలిపోతుంది. తొమ్మిదింటికి టిఫిను, పదింటికి బయల్దేరడం అనే మన సెలవుల అలవాటు అక్కడ పనికిరాదు. హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే మూడింటికల్లా ఇసుకలో ఉండాలి. పిల్లలు నీళ్ళలోంచి రామని మొండికేస్తారు, లైఫ్‌గార్డులు చీకటిపడకముందే ఈల వేసి లేపేస్తారు. ఆ బీచ్‌కి దగ్గర్లోని చిన్న సముద్రపు పాయ వైపు మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉంటే అది అలంకారం కాదు. 2010లో ఆ ప్రాంతంలోనే ఒక విదేశీ పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపింది.

మూడో లెక్క పడవలది. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం, హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. టికెట్ మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ళ నోట్లో పాతవి. రెండూ తెలిసి ఉండాలి. ప్రైవేటు ఫెర్రీలో తరగతిని బట్టి ఒక్కో విడతకు మనిషికి సుమారు 1,500 నుంచి 2,500 రూపాయలు అవుతుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావ్‌లాక్, అక్కడి నుంచి నీల్, మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్ మూడు విడతలు. సగటున 1,800 వేసుకున్నా నలుగురికి 21,600. ప్రభుత్వ పడవ ఇందులో చిన్న భాగానికే వస్తుంది, కాకపోతే గంటన్నర ప్రయాణం రెండున్నర గంటలవుతుంది, టికెట్లు తొందరగా అయిపోతాయి. ఒక మాట మాత్రం దాని పక్షాన చెప్పాలి. ప్రైవేటు ఫెర్రీల్లో ఎక్కువ భాగం అద్దాల గదిలో ఏసీలో కట్టిపడేస్తారు. ప్రభుత్వ పడవలో డెక్ మీద నిలబడితే ఎగిరే చేపలు కనిపిస్తాయి, కడుపులో తిప్పడం కూడా తక్కువ. వాంతుల మాత్ర వేసుకోవాలంటే ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. సీటు పడవ మధ్యలో, కింది అంతస్తులో అడగాలి. ముందు వరసలో ఊపు ఎక్కువ.

ఇక బసల సంగతి. అసలు మోసమంతా హావ్‌లాక్‌లో ‘సీ వ్యూ’ అనే రెండు మాటల్లో ఉంది. జెట్టీ దగ్గరి నుంచి వరసగా ఉండే గోవింద్‌నగర్, విజయ్‌నగర్ బీచ్‌లు దీవికి తూర్పు వైపున ఉన్నాయి. రిసార్టులు ఎక్కువగా ఇక్కడే. పోటులో తీసిన ఫొటోలో నీలి నీళ్ళు గుమ్మం దాకా ఉంటాయి. ఆటు వచ్చేసరికి అదే నీరు వందల మీటర్లు వెనక్కి వెళ్ళిపోయి, చచ్చిన పగడపు రాళ్ళు, బురద, ఒరిగిపోయిన పడవలు మిగులుతాయి. అక్కడ ఈత కుదరదు, కాళ్ళు కోసుకుంటాయి. తోట వైపు గదికీ సముద్రం వైపు గదికీ రాత్రికి రెండు మూడు వేలు తేడా చెబితే, రోజులో సగం సేపు ఆ డబ్బు రాళ్ళు చూడటానికే. ఉదయం పడక మీంచే సూర్యోదయం కావాలనుకునేవాళ్ళు కట్టొచ్చు, తూర్పు తీరం కాబట్టి అది మాత్రం నిజంగా దొరుకుతుంది. ఈత కోసం అయితే తోట గది తీసుకుని, మిగిలిన డబ్బులో రోజుకు అయిదారు వందలకు స్కూటర్ అద్దెకు తీసుకుని పడమటి తీరంలోని రాధానగర్‌కి రెండుపూటలా వెళ్ళిరావడం మేలు.

గది బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగాలి. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను ఒక్కటేనా? స్నానానికి వచ్చేది ఉప్పు తగిలే నీళ్ళా, మంచినీళ్ళా? చెకౌట్ ఎన్నింటికి? హావ్‌లాక్‌లో చాలాచోట్ల ఉదయం ఏడున్నర, ఎనిమిదికే ఖాళీ చేయమంటారు, పడవ మాత్రం మధ్యాహ్నానికి ఉంటుంది. ముసలివాళ్ళనీ సామాన్లనీ రిసెప్షన్ బల్లల మీద కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు గడపడం కన్నా, పొద్దుటి పడవ తీసుకోవడమే నయం.

చరిత్రకు వద్దాం. ప్యాకేజీలు సెల్యులర్ జైలుకు గంట ఇస్తాయి, పైగా సాయంత్రం గేటు మూసేముందు. అంత చరిత్రకి గంట ఏం సరిపోతుంది? ఉదయం తెరవగానే వెళ్ళాలి. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టిన ఈ జైలుకు నడిమి బురుజు నుంచి ఏడు రెక్కలు, మూడేసి అంతస్తులు. ఇప్పుడు మిగిలినవి మూడే. జపాను ఆక్రమణ కాలంలో కొన్నిటిని కూల్చారు, స్వాతంత్ర్యం తర్వాత ఇంకొన్ని పోయి ఆ స్థలంలో ఆసుపత్రి వచ్చింది. 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకమైంది.

లోపల చూడాల్సింది కట్టడంలోని క్రూరత్వం. ఒక రెక్కలోని గదుల ముఖం పక్క రెక్క వీపు వైపు ఉంటుంది. అంటే ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ మొహం కనపడదు. గది 4.5 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు, గాలి కిటికీ మూడు మీటర్ల ఎత్తున. తలుపు గడియ గోడలోపలికి తొలిచిన గూట్లో పడుతుంది, ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా అందదు. నమ్మకపోతే అక్కడే చాపి చూడండి. ఆవరణలోని గానుగ నమూనా దగ్గర ఆగండి. ఎద్దు బదులు మనిషిని కట్టి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయించేవారు. మూడో అంతస్తు చివర సావర్కర్ గది దగ్గర వరస ఎప్పుడూ ఉంటుంది, మిగతా వరండాలు ఖాళీగా ఉంటాయి. ముందు వాటిలో నడవండి.

మనవాళ్ళ జాడ కూడా ఉంది. 1933 కాకినాడ బాంబు కేసులో ద్వీపాంతర శిక్ష పడ్డ ప్రతివాది భయంకర వెంకటాచారి ఈ జైల్లోనే ఉన్నారు. 1857 జులైలో హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అలాఉద్దీన్‌ని కూడా ఈ దీవులకే పంపారు. అయితే ఆయన్ను ఈ జైల్లో పెట్టారని కొందరు గైడ్లు చెప్పేది తప్పు. అప్పటికి జైలు లేదు, మొదటి 200 మంది ఖైదీలను 1858 మార్చిలో దింపింది అడవిలో. సాయంత్రపు సౌండ్ అండ్ లైట్ షో ఎక్కువగా హిందీలో ఉంటుంది. హిందీ రాని పెద్దవాళ్ళు దోమలు కొట్టుకుంటూ కూర్చుంటారు, వాళ్ళకు పగటి నడకే చాలు.

రాస్ ఐలాండ్‌ని నార్త్ బేతో కలిపి అమ్ముతారు. నార్త్ బేలో దిగిన మొదలు ప్రతి అడుగుకీ ఒకళ్ళు ఏదో ఒక జలక్రీడ అంటగట్టడానికి వస్తారు, రాస్‌కి గంట మిగలడం కష్టం. రాస్ ఒక్కదానికే పడవ టికెట్ తీసుకోండి. బుధవారం మూసి ఉంటుంది. బ్రిటిషువాళ్ళ రాజధానిగా ఉన్న ఈ బుల్లి దీవిని 1941 జూన్ భూకంపం దెబ్బతీసింది, మరుసటి ఏడు జపానువాళ్ళు వచ్చారు. ఇప్పుడు చర్చి గోడల్ని మర్రిజాతి వేర్లే పట్టి నిలబెడుతున్నాయి. జెట్టీ పక్కనే జపాను బంకర్లు. జింకలు చేతిలోని సంచీ లాక్కుంటాయి, బిస్కెట్లు పెట్టకండి. చాథమ్‌లో 1883 నాటి రంపపు మిల్లుకు ఆదివారం సెలవు. పడౌక్ కలప దుంగలు కోయడం చూడాలంటే పనిదినం ఉదయం వెళ్ళాలి.

బారాతాంగ్ దీవి విషయంలో నా సలహా చాలామందికి నచ్చదు: మూడు నాలుగు రోజులే ఉంటే మానేయండి. తెల్లవారుజామున మూడున్నరకి లేవాలి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆరు గంటల కాన్వాయ్‌కి వరసలో నిలబడాలి, తర్వాత జరవా ఆదివాసుల అడవి గుండా ఎక్కడా ఆగకుండా సుమారు 50 కిలోమీటర్లు. ఫొటోలు తీయడం, వాళ్ళకు తిండి విసరడం నేరం. ‘ఆదివాసులు కనిపిస్తారు’ అని ఆశపెట్టి అమ్మే ఏజెంటు దగ్గర టికెట్టే కొనొద్దు. ఇంతా చేసి చేరే సున్నపురాతి గుహ, బొర్రా చూసిన కళ్ళకు ఒక గది లాంటిది. మడ అడవుల కాలువలో స్పీడ్‌బోటు ప్రయాణం మాత్రం అద్భుతం. కోరింగ చూసినవాళ్ళకు కూడా ఆ పచ్చటి సొరంగం కొత్తగానే ఉంటుంది. వెళ్ళేవాళ్ళు తిరుగు కాన్వాయ్ వేళ ముందే రాసిపెట్టుకోవాలి, అది తప్పితే ఆ రాత్రి అక్కడే.

ఆ రోజుని వాండూర్‌కి ఇవ్వడం మంచిది. దారిలో సిప్పీఘాట్ దగ్గర కారు ఆపించండి. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల కుంగి, వరిచేలలోకి సముద్రం వచ్చింది, మళ్ళీ పోలేదు. అదే భూకంపానికి ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి పగడాలు నీటిబయట పడి చచ్చిపోయాయి. దీవుల వరస ఒకవైపు మునిగి ఇంకోవైపు తేలింది. సునామీ గురించి ఏ మ్యూజియం కన్నా ఆ ఉప్పు మడుగు ఎక్కువ చెబుతుంది. వాండూర్ నుంచి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులోని జాలీ బోయ్‌కి పడవలు సుమారు నవంబరు నుంచి మే దాకా, మిగతా కాలం రెడ్ స్కిన్‌కి. సోమవారం ఉండవు. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు జెట్టీలోనే ఆపేస్తారు. దీవిలో తినడానికేమీ అమ్మరు కాబట్టి పులిహోర స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాలి.

భోజనానికి పోర్ట్‌బ్లెయిర్‌లో మనవాళ్ళకి లోటు లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్‌లో చేపల బేరం తెలుగులోనే చేయొచ్చు. హావ్‌లాక్ హోటళ్ళలో చేపను తూకం మీద అమ్ముతారు. ధర 100 గ్రాములకా, మొత్తం చేపకా అన్నది వండకముందే తేల్చుకోండి, మెనూలో చిన్న అంకె చూసి మురిసిపోయినవాళ్ళ మొహాలు బిల్లు వచ్చాక చూడాలి.

విశాఖ నుంచి ఓడ నెలకో మాటు ఉంటుంది, సుమారు 56 గంటలు. సెలవు ఎక్కువున్నవాళ్ళకే అది, వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకుంటే బాగుంటుంది. ఎలా వచ్చినా ఆఖరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టి పడవలు ఆగిపోతే హావ్‌లాక్, నీల్‌లలో చిక్కుకున్న పర్యాటకులను నౌకాదళం తీసుకురావాల్సి వచ్చింది. స్కూబా చేసినవాళ్ళు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, కాబట్టి ఆ డైవ్ హావ్‌లాక్‌లో మొదటి పూటే పెట్టుకోండి. ఇసుకలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు పిల్లల జేబుల్లోంచి ముందే తీయించండి. విమానాశ్రయంలో స్కానర్ దగ్గర తీయించారంటే ఏడుపు అక్కడే మొదలవుతుంది. శంఖం కావాలంటే ప్రభుత్వ ఎంపోరియం సాగరికలో కొని, బిల్లు చేతి సంచీలో పెట్టుకోండి.