పళ్లు వచ్చే పాపాయికి చిగుళ్ల జెల్: ట్యూబు వెనక్కి తిప్పి చదివితే

చిగుళ్లు మొద్దుబార్చే జెల్‌లన్నీ ముందువైపు ఒకేలా ఉంటాయి. నవ్వే పాపాయి బొమ్మ, చల్లదనం గురించి రెండు మాటలు, అంతే. తేడా అంతా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకే ఇక్కడ అయిదుకు వేసే మార్కులు బ్రాండ్లకు కాదు, లోపలి మందుకు.

బెంజోకైన్ అని కనిపిస్తే ట్యూబు అక్కడే పెట్టేయండి. రెండేళ్లలోపు పిల్లలకు దీనికి సున్నా. ఈ మందు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చగలదు. అలా మారితే ఒంటికి ఆక్సిజన్ మోసుకెళ్లే పని సాగదు. దాన్ని తిరిగి మామూలుగా మార్చే ఎంజైమ్ తొలి నెలల్లో పిల్లలకు తక్కువ, అందుకే పెద్దవాళ్లు తట్టుకున్నది వాళ్లు తట్టుకోలేరు. ఈ ముప్పు మొదటిసారి రాసినప్పుడే రావచ్చు, చాలాసార్లు రాశాకా రావచ్చు. నిన్న ఏమీ కాలేదన్న ధీమాకు ఇక్కడ విలువ లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఈ వయసు పిల్లలకు బెంజోకైన్ వద్దని చెప్పి, పళ్లు వచ్చే పిల్లల కోసమంటూ అమ్మడం ఆపమని కంపెనీలకు చెప్పింది. పెద్దల నోటిపూతకు వాడే జెల్‌లలో ఇది 20 శాతం దాకా ఉంటుంది. ఇంట్లో ఉంది కదా అని దాన్నే పాపాయికి రాయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

కోలిన్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆస్పిరిన్ లాగే పిల్లల్లో రేస్ సిండ్రోమ్, అంటే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే అరుదైన జబ్బు, తెస్తుందేమోనన్న అనుమానంతో బ్రిటన్ 2009లో ఈ జెల్‌లను 16 ఏళ్లలోపు వారికి వద్దంది. కొన్ని ట్యూబుల్లో ఇదీ, లిడోకైన్ అనే మొద్దుబార్చే మందూ కలిసి ఉంటాయి, ఒక్క పేరు చదివి ఆగకండి. హోమియోపతి అని ఉన్నవీ నిశ్చింతగా వాడేవి కావు. పళ్లు వచ్చే పిల్లల కోసం అమ్మిన కొన్ని మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క మందు లేబుల్‌పై రాసినదానికన్నా చాలా ఎక్కువగా ఉన్నట్టు 2017లో ఎఫ్‌డీఏ పరీక్షల్లో తేలింది. లవంగ నూనె మందుల షాపుది కాకపోయినా ఘాటైన మందే, పసి చిగుళ్లపై పెట్టేది కాదు.

ఇక మిగిలింది లిడోకైన్. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలగలిపితేనే ముప్పు. ఒకటి 2 శాతం ద్రావణం. పళ్లు వచ్చే పిల్లలకు వాడకూడదని 2014లో ఎఫ్‌డీఏ దాని లేబుల్‌పై గడి గీసి వేసే తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఎక్కువ మోతాదు పడినా, పిల్లలు మింగినా మూర్ఛ, గుండె లయ తప్పడం, మెదడు దెబ్బతినడం జరగవచ్చు. రెండోది కొన్ని దేశాల్లో పసిపిల్లల కోసమే తయారుచేసే 0.33 శాతం లాంటి పలచటి జెల్. లెక్క చూడండి: మొదటిదానిలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల మందుంటే, రెండోదానిలో గ్రాముకు 3.3 మాత్రమే. సుమారు ఆరింతల తేడా. ఈ పలచటిదానికి అయిదులో రెండు మార్కులు, అదీ పిల్లల డాక్టరు చూసి చెప్పినప్పుడే.

వాడాల్సి వస్తే ఇలా. లేబుల్‌పై కనీస వయసు, రోజుకు ఎన్నిసార్లు, మధ్య ఎంత గడువు అన్నవి ముందే చదివి పెట్టుకోండి. ట్యూబును బట్టి ఇవి మారతాయి. చేతులు సబ్బుతో కడిగి, చొంగ ఉంటే శుభ్రమైన గుడ్డతో చిగురు తుడవండి. జెల్ ట్యూబు నుంచి నేరుగా నోట్లోకి పిండొద్దు, వేలి కొసకు తీసుకోండి. లేబుల్ బఠాణీ గింజంత అంటే అది గరిష్ఠ కొలత, అంతకు తక్కువతో మొదలుపెట్టొచ్చు. ఉబ్బిన చోటే రాయండి, చిగురంతా పులమొద్దు. పాలు పట్టే ముందు అసలు వద్దు. నాలుక మొద్దుబారితే పాపాయి రొమ్ము సరిగ్గా పట్టలేదు, గొంతు మొద్దుబారితే పొలమారుతుంది. రాసిన టైము కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్దలుంటే ఒకరు రాశారని తెలియక ఇంకొకరు రాయడం మామూలే. జెల్ రాశాక ఆ వేళ్లను కూడా కడుక్కోండి. మూత బిగించి అందనంత ఎత్తులో పెట్టండి, నమలడానికి దొరికిన ట్యూబు బొమ్మ కన్నా ఇష్టం ఈ వయసుకు.

రెండు మార్కులే ఎందుకంటే, పని అంతంత మాత్రం. ఈ వయసులో చొంగ ఏరులా కారుతుంది, జెల్ కొన్ని నిమిషాల్లోనే కొట్టుకుపోతుంది. హాయి పోగానే మళ్లీ రాయాలనిపిస్తుంది, మోతాదు దాటేది అక్కడే. పైగా చిగురు మీద వేలితో రుద్దడమే సగం ఉపశమనం, ఆ పేరు జెల్‌కు పోతుంది. ఉత్త వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఒత్తి చూస్తే తెలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన గట్టి రబ్బరు టీథర్‌కు, అంటే పాపాయి కొరికే బొమ్మకు, అయిదులో నాలుగు. డీప్ ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టి చిగుళ్లకే గాయం చేస్తుంది, లోపల ద్రవం ఉన్నవి కొరికితే పగులుతాయి. మెడలో వేసే పూసలకు మార్కులే లేవు, గొంతుకు బిగుసుకోవచ్చు, పూస ఊడి గొంతులో అడ్డం పడొచ్చు.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, విరేచనాలు పట్టుకున్నా నెపం పళ్ల మీద వేయకండి, అది వేరే జబ్బు.

ఏ జెల్ రాసినా తర్వాత ఒకటి రెండు గంటలు పెదాలూ గోళ్లూ గమనించండి. నీలంగానో బూడిద రంగులోనో మారినా, ఆయాసం వచ్చినా, పాపాయి మగతగా వేలాడిపోయినా ఫిట్స్ వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మెథిమోగ్లోబిన్ పెరిగితే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు సరైన అంకె చూపదు, దాన్ని నమ్మి ఇంట్లో కూర్చోవద్దు. వెళ్లేటప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్లండి. మందు పేరు, శాతం తెలిస్తే డాక్టర్లు మెథిమోగ్లోబిన్‌కు విరుగుడైన మిథిలీన్ బ్లూ ఇవ్వాలో వద్దో త్వరగా తేల్చుకోగలరు.