డర్బీలో మూడు రోజులు: తగరపు గనుల ఊళ్లో అడవి సైకిల్ దారులు

మెల్‌బోర్న్ నుంచి విమానంలో లాన్సెస్టన్‌లో దిగి, అద్దె కారులో ఈశాన్యంగా దాదాపు వంద కిలోమీటర్లు వెళితే ఆస్ట్రేలియా దీవి రాష్ట్రమైన టాస్మేనియాలోని డర్బీ వస్తుంది. రెండు వందల జనాభా కూడా లేని ఈ ఊరు ఒకప్పుడు తగరపు గనుల మీద బతికింది. ఇక్కడి బ్రిసీస్ గనికి 1876లో మెల్‌బోర్న్ కప్ గెలిచిన గుర్రం పేరు పెట్టారు. 1929లో ఆ గని ఆనకట్ట తెగి 14 మంది చనిపోయారు. గనులు మూతపడ్డాక కళ తప్పిన ఊరికి, 2015లో బ్లూ డర్బీ పేరుతో మౌంటెన్ బైక్ ట్రైళ్లు, అంటే కొండల్లో, అడవుల్లో తొక్కే సైకిల్ దారులు, తెరిచాకే మళ్లీ జనం రావడం మొదలైంది.

ట్రైళ్లకు ప్రవేశ రుసుము లేదు. మొదటి రోజు మా అబ్బాయితో ఆకుపచ్చ గుర్తున్న తేలిక దారిలో తిరిగాను. అది ఒకచోట పాత గని సొరంగం గుండా సాగుతుంది. రెండో రోజు షటిల్ వ్యాను మా సైకిళ్లను ట్రైలర్‌పై ఎక్కించుకుని బ్లూ టియర్ కొండపై దింపింది. అక్కడి నుంచి వెల్డ్‌బరో వరకు, మర్టిల్ చెట్ల కింద, మనిషిని మించిన ఫెర్న్ మొక్కల మధ్యగా ఇరవై కిలోమీటర్లకు పైగా దారి, ఎక్కువ భాగం దిగుడే. దిగేటప్పుడు నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు, దారి వేసిన తీరు. కొంత దూరం దిగగానే దారి చిన్నగా పైకి లేస్తుంది. వాన నీరు దారి వెంట పారి మట్టిని కోయకుండా ఆ పల్లం దగ్గరే పక్కకు జారిపోతుంది. బురద నిలిచే చోట్ల రాళ్లను పక్కపక్కనే బిగించి పరిచారు. ముందు రాత్రి వాన కురిసినా చక్రం ఎక్కడా కూరుకుపోలేదు.

అద్దె సైకిల్ ఖరీదే అయినా, బ్రేకులు, సస్పెన్షన్ మా బరువుకు తగ్గట్టు సరిచేసి ఇచ్చారు కనుక ఆ డబ్బు దండగ అనిపించలేదు. బస విషయంలో మాత్రం తృప్తి లేదు. మేము దిగిన ఇంట్లో తడి బట్టలు ఆరేసుకునే చోటు లేదు, సైకిళ్లకు తాళం వేసే గది లేదు. సైకిలిస్టుల కోసమని ప్రకటించుకునే ఇంటికి ఇవి కనీస అవసరాలు కావా? రాత్రి భోజనం దొరకడం కూడా కష్టమే. శాకాహారులు దారిలో వచ్చే స్కాట్స్‌డేల్ పట్టణంలోనే సరుకులు కొని తెచ్చుకోవడం మేలు. గని గుంత నిండి ఏర్పడిన చెరువు మీద తేలే ఆవిరి స్నానపు గది ఉంది, కానీ ముందే బుక్ చేసుకోవాలి.

ఊళ్లో పాత గని కార్మికుల ఇళ్లలో ఎన్నో ఇప్పుడు పర్యాటకుల బసలే. వచ్చినవాళ్లు పడుకోవడానికి ఇల్లు దొరుకుతుంది గానీ, వాళ్లకు వండిపెట్టేవాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు కాపురం పెట్టుకోవడానికి ఇళ్లు మిగలాలి కదా. ఇలాంటి దారులు వేయాలనుకునే ఏ పల్లె అయినా ట్రైలు ఖర్చుతో పాటు ఈ లెక్క కూడా ముందే వేసుకోవాలి.

చివరి రోజు సైకిళ్లను తిరిగి ఇచ్చే ముందు టైర్ల మట్టిని, బూట్ల అడుగులను శుభ్రంగా కడిగాము. చెట్ల వేళ్లను కుళ్లబెట్టే తెగులు మట్టితోనే ఒక అడవి నుంచి మరో అడవికి పోతుందట. బూటు అడుగు గాడుల్లో ఇరుక్కున్న మట్టిని మా అబ్బాయి పుల్లతో ఓపికగా గీకి తీశాడు.