150 రూపాయల మల్టీమీటరు: ఆరేళ్లు వాడాక

వోల్టేజీ, ఓమ్‌లు లాంటివి కొలిచే ఈ మీటరు కొన్నది దాని బీప్ కోసమే. కోఠి గుజరాతీ గల్లీలో 150 రూపాయలకు తెచ్చిన పసుపు రంగు డీటీ 830డీ, మీద కంపెనీ పేరేమీ లేదు. వైరుకి రెండు వైపులా మీటరు కొనలు ఆనిస్తే చాలు, దారి ఉంటే మోగుతుంది, తెగితే మోగదు. తెర వైపు చూడక్కర్లేదు. బండి పక్కన చతికిలబడి రెండు చేతులూ వైర్ల మధ్య ఇరుక్కున్నప్పుడు అదెంత సాయమో చేసినవాళ్లకు తెలుసు. హారన్, ఇండికేటర్, బ్రేక్ లైటు, ఇంట్లో మిక్సీ వైరు అన్నీ దీంతోనే చూసుకున్నాను. అడిగినవాళ్లందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడూ చెబుతాను గానీ, పోయిన వానాకాలం నుంచి ఒక మాట కలిపి చెబుతున్నాను.

నాన్న బండి 2004 మోడల్, వంద సీసీ, కిక్ బండి. ఒక రాత్రంతా వానలో బయటే ఉండిపోయింది. పొద్దున ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు. ప్లగ్ విప్పి, క్యాప్‌కి తగిలించి, ఇంజన్‌కి ఆనించి కిక్ కొడితే స్పార్క్ లేదు. కొత్త ప్లగ్ పెట్టినా అంతే. తెలిసిన మెకానిక్ వచ్చి చూసి, "సీడీఐ పోయినట్టుందన్నా, 1200 అయితది" అన్నాడు. సీడీఐ అంటే ప్లగ్‌కి స్పార్క్ అందించే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా. ఆదివారం కాబట్టి స్పేర్ పార్ట్స్ షాపులు లేవు. లేకపోతే ఆ పూటే కొనేసేవాణ్ణి.

మీటరు తీసుకుని కూర్చున్నాను. ప్లగ్ క్యాప్ 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపించింది (ఓమ్ అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత), బాగుంది. ఇగ్నిషన్ కాయిల్, మ్యాగ్నెట్ దగ్గరి కాయిళ్లు ఏవీ తెగలేదు. ఇక మిగిలింది తాళం. ఇలాంటి పాత కిక్ బళ్లలో తాళం పనిచేసే తీరు ఇంట్లో లైటు స్విచ్‌కి పూర్తిగా తిరగేసి ఉంటుంది. లైటు స్విచ్ ఆపితే దారి తెగుతుంది. ఇక్కడ తాళం ఆపితే సీడీఐకి వెళ్లే ఒక వైరు ఎర్త్‌కి కలుస్తుంది, స్పార్క్‌కి కావాల్సిన కరెంటు అటు దిగిపోయి ఇంజన్ ఆగుతుంది. మా బండిలో అది నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు. తాళం ఆన్‌లో ఉంటే అది ఎర్త్‌కి తగలనే కూడదు.

దాని సాకెట్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, తాళం వైపు వైరుకి ఒక కొన, ఆకుపచ్చ ఎర్త్ వైరుకి ఇంకో కొన పెట్టాను. బీప్ రాలేదు. తాళం బాగానే ఉందనుకుని సాకెట్ మళ్లీ పెట్టేశాను. ఈ మీటరు మీద నాకున్న కోపమంతా ఇక్కడే. బీప్ రాకపోవడాన్ని నమ్మి ట్యాంకు దించాను, టేపు విప్పి వైరింగంతా వెతికాను, మూడు గంటలు పోయాయి.

అన్నం తిని వచ్చి, ట్యాంకు ఎక్కించాక, ఏమీ తోచక ఆ నలుపు తెలుపు వైరును ఊడదీసి ఉంచి కిక్ కొట్టాను. ప్లగ్ దగ్గర నీలంగా స్పార్క్! ప్లగ్ బిగించి కొడితే రెండో కిక్‌కే ఇంజన్ అందుకుంది. సీడీఐ నిక్షేపంలా ఉంది. తాళంతో ఆపడం కుదరదు కాబట్టి టాప్ గేర్ వేసి, బ్రేకు గట్టిగా నొక్కి, క్లచ్ వదిలి ఆపాను.

అప్పుడు మీటరును 2000 ఓమ్‌ల దగ్గరికి తిప్పి తాళాన్ని మళ్లీ చూశాను. దారి లేకపోతే తెర మీద ఎడమ పక్క 1 ఒక్కటే నిలబడి ఉండాలి. 240, 310, 280 అని అంకెలు ఆడుతున్నాయి, తాళం చెవి కదిపితే మారుతున్నాయి. లోపల తడి, చిలుము పట్టిన పాయింట్లు. బీప్ దృష్టిలో అది తెగిపోయిన దారి, సీడీఐకి మాత్రం కరెంటు కారిపోవడానికి ఆ దారి చాలు. తర్వాత రెసిస్టర్లు పెట్టి చూస్తే నా మీటరు 47 ఓమ్‌లకు మోగింది, 100 ఓమ్‌లకు మోగలేదు. అందుకే ఇప్పుడు దారి ఉందా అని చూడటానికి బీప్, ఎక్కడైనా కారుతోందా అని చూడటానికి అంకెలు.

మిగతావి చిన్న ఇబ్బందులే. రెండో ఏడాది కొన దగ్గర వైరు లోపల తెగింది, 60 రూపాయలకు కొత్త జత దొరికింది. రెండు కొనలు కలిపితేనే అర ఓమ్ చూపిస్తుంది కాబట్టి ఒక ఓమ్ కూడా ఉండని ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ చుట్టను దీంతో తేల్చలేను. కిక్ కొడుతూ సీడీఐ దగ్గర వోల్టేజీ చూసే సాహసం అసలు చేయను, అక్కడ వందల వోల్టులు వస్తాయి.

కార్బురేటర్, కిక్, పాత వైరింగు ఉన్న బండి నాది, ఆదివారం ఖాళీ కూడా ఉంటుంది. నాకు ఇది పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు ఇచ్చింది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 ఇంజెక్షన్ బండి అయితే ఫ్యూజులు, బ్యాటరీ వోల్టేజీ వరకు వాడమంటాను, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వైర్లలో దీని కొనలు గుచ్చమని మాత్రం చెప్పలేను.

తాళంలో స్ప్రే కొట్టి ఆరబెడితే మూడు వారాలు నడిచింది. మళ్లీ వాన పడగానే మళ్లీ అదే. లాక్ సెట్ మార్చేశాం. మార్చిన రోజు నాన్న తాళం ఆన్ చేసి అటూ ఇటూ కదుపుతుంటే నేను తెర చూశాను. 1 దగ్గర నుంచి కదల్లేదు.