క్రూజర్ బండికి ముందు గ్లాసు: మన డెల్టా రోడ్లకి ఏది పనికొస్తుంది

నవంబరులో సార్వా (వానాకాలం వరి) కోతలు మొదలయ్యాక, చీకటి పడే వేళ అమలాపురం నుంచి రాజోలు మీదుగా చించినాడ వంతెన దాకా బండి మీద వెళ్తే, హెడ్‌లైటు వెలుగుకి లేచొచ్చే పురుగులు చొక్కాకీ మెడకీ తగులుతూనే ఉంటాయి. రొయ్యల చెరువుల గట్ల మీద లైట్లున్న చోట మరీను. పైగా క్రూజరు మీద కూర్చునే తీరే వేరు. నడుం నిటారుగా, చేతులు వెడల్పుగా, కాళ్లు ముందుకి. ఛాతీ మొత్తం తెరచాపలా గాలికి ఎదురు నిలబడుతుంది. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో హాయిగా అనిపించిన గాలి 80కి దాదాపు 1.8 రెట్లవుతుంది. 40తో పోలిస్తే 80లో నాలుగు రెట్లు. రావులపాలెం నుంచి ఏలూరు దాకా హైవే మీద ఒకే ఊపున వెళ్తే భుజాలు పట్టేసేది అందుకే. ఈ రెండు బాధలకీ బండి ముందు బిగించే గ్లాసు, అంటే విండ్‌స్క్రీన్, మంచి మందే. కొలత తప్పితే మాత్రం లేని తలనొప్పి కొనుక్కున్నట్టు.

షాపుల్లో కనిపించే వాటిలో చిన్నది, హెడ్‌లైటు మీద టోపీలా కూర్చునే ఫ్లైస్క్రీన్. మెకానిక్కులు వైజర్ అంటారు. మీటరుకి నీడనిస్తుంది, ఫోటోలో బాగుంటుంది. పొట్టకి తగిలే గాలిని కొంచెం పక్కకి నెడుతుంది, అంతే. దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

కంపెనీ గ్లాసు సంగతి వేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 2020లో వచ్చినప్పుడు సూపర్‌నోవా రకానికి గ్లాసు బండితోనే వచ్చింది. సూపర్ మీటియర్ 650లో సెలెస్టియల్‌కి ఉంది. బజాజ్ అవెంజర్ క్రూజ్ 220కి పొడుగు గ్లాసు ఉంటుంది. బ్రాకెట్లు ఆ బండి కోసమే చేసినవి కాబట్టి క్లచ్ కేబులుకీ బ్రేకు పైపుకీ తగలవు, ఏ రబ్బరో పోతే విడిగా దొరుకుతుంది. లోటల్లా, అయిదడుగుల నాలుగంగుళాల మనిషికీ ఆరడుగుల మనిషికీ ఒకటే ఎత్తు. ఇక యూనివర్సల్ అనే మూడో జాతి ఉంది, ఏ బండికైనా హ్యాండిలుకి నాలుగు క్లాంపులతో బిగించేది. "ఆయ్, సరిగ్గా సెట్టవుద్దండి" అని షాపతను అనేది ఎక్కువగా దీని గురించే. సెట్టవుతుంది, కానీ కొలతలు తీసుకుని వెళ్లిన వాళ్లకే. హ్యాండిలు లావు 22 మిల్లీమీటర్లా, 25.4 మిల్లీమీటర్లా అన్నది ముందే చూసుకోవాలి. పెద్ద క్లాంపుని రబ్బరు ముక్క చుట్టి చిన్న హ్యాండిలుకి బిగిస్తే, మొదటి పెద్ద గోతిలోనే గ్లాసు ముందుకి వాలిపోతుంది.

అసలు పని ఎత్తు దగ్గరుంది. బండిని చదును నేల మీద స్టాండు తీసి నిలబెట్టి, వెనక ఎవరైనా పట్టుకోవాలి. హెల్మెట్ పెట్టుకుని రోజూ కూర్చున్నట్టే కూర్చోవాలి. కొలత కోసమని పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చుంటే రెండంగుళాలు తేడా వచ్చేస్తుంది. ఎప్పుడూ వెనక ఇంకొకరు ఎక్కే బండైతే వాళ్లనీ ఎక్కించాలి. వెనక స్ప్రింగులు కుంగితే బండి ముక్కు లేస్తుంది, నడిపేవారి కళ్లు కిందకి దిగుతాయి. ఒక్కరే ఉన్నప్పుడు సరిపోయిన అంచు అప్పుడు సరిగ్గా కంటికి అడ్డంగా వస్తుంది. ఇప్పుడు ఒక అట్టపెట్టె ముక్కని గ్లాసు రావాల్సిన చోట టేపుతో అతికించి, పై అంచు కంటి వరస కన్నా 5 నుంచి 7 సెంటీమీటర్లు కిందకి, అంటే ముక్కు కొన ఎత్తుకి వచ్చేలా కత్తిరించుకోవాలి. ఆ అంచు పైనుంచి చూస్తే సుమారు 12, 13 మీటర్ల అవతల నుంచి రోడ్డు మొదలవ్వాలి. 60 వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది కాబట్టి, అంతకన్నా దగ్గరున్న గోతిని గ్లాసులోంచి చూసినా పైనుంచి చూసినా ఒకటే.

గ్లాసులోంచి చూస్తూ నడిపేంత పొడుగుది ఇక్కడ వద్దే వద్దు. కారుకున్నట్టు దీనికి వైపరుండదు. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున కాలవ గట్టు రోడ్డెక్కితే మంచు నిమిషంలో గ్లాసంతా పొగలా కమ్మేస్తుంది. వానాకాలంలో ముందు ట్రాక్టరు చిమ్మే బురద, కోతలప్పుడు వరి దుమ్ము. వీటన్నిటినీ తుడిచీ తుడిచీ గీతలు పడ్డాక రాత్రి ఎదురొచ్చే లారీ లైటు ఒక్కో గీతలోనూ చీలి నక్షత్రంలా పరుచుకుంటుంది, ఆ అరసెకను రోడ్డు కనపడదు. హెల్మెట్ వైజరైతే ఎత్తేయొచ్చు, ఇది ఎత్తలేం.

బిగించాక హెల్మెట్ దడదడలాడితే గ్లాసు పాడని తీసి పారేయకండి. ఖాళీ రోడ్డు మీద 70లో స్థిరంగా పోతూ తల రెండంగుళాలు దించి చూడండి. దడ తగ్గితే గ్లాసు పొట్టి. అలాకాక సాగి కూర్చుని తల పైకెత్తినప్పుడు తగ్గితే, అంచు దగ్గర పుట్టిన సుడి సరిగ్గా తలకే తగులుతోందన్నమాట. గ్లాసు కాస్త తగ్గించాలి, లేదా కొన్ని డిగ్రీలు వెనక్కి వాల్చాలి. రెండిటికీ తేడా రాకపోతే గాలి కిందనుంచి వస్తోంది. పొడుగు గ్లాసు వెనక గాలి ఒత్తిడి పడిపోయి, హెడ్‌లైటు చుట్టూ ఉన్న ఖాళీలోంచి గాలిని పైకి లాగుతుంది, వీపు వెనక నుంచి ఎవరో ముందుకి నెడుతున్నట్టు ఉంటుంది. కింది ఖాళీని కొంత మూస్తే సగం బాధ పోతుంది. ఒక సెంటీమీటరు మార్పుకే తేడా తెలుస్తుంది కాబట్టి ఒక్కసారిగా కోయించేయొద్దు. కోయాల్సొస్తే రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి సన్నపళ్ల రంపంతో నెమ్మదిగా కోసి, అంచుని 220 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 400తో, చివర 800తో తడిపి రుద్దించాలి. గరుకు అంచు వదిలేస్తే పగులు అక్కడే మొదలవుతుంది.

సరుకు రెండు రకాలు: యాక్రిలిక్, పాలీకార్బొనేట్. చూడ్డానికి యాక్రిలికే తేటగా ఉంటుంది, ఎండకి పసుపెక్కడం కూడా తక్కువ. కానీ రాయి తగిలితే ముక్కలవుతుంది. పాలీకార్బొనేట్ వంగుతుందే గాని చిట్లదు, అయితే మెత్తన, పైన గట్టి పూత లేకపోతే నెలలో గీతలమయం. కంకర లారీల వెనక తిరిగే రోడ్లకి పూత ఉన్న పాలీకార్బొనేటే తీసుకోండి. చాలామంది అమ్మేవాళ్లు రెండిటినీ "ఫైబర్" అనేస్తారు, కాబట్టి మనమే తేల్చుకోవాలి. డ్రిల్లు పెట్టినప్పుడు రజను పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ వస్తే పాలీకార్బొనేట్, పెళుసుగా రాలితే యాక్రిలిక్. మందం 3 మిల్లీమీటర్లు లేకపోతే 80 దాటాక అంచు ఊగడం కంటికే కనిపిస్తుంది. పొడుగు గ్లాసైతే 4 ఉండాలి.

పగుళ్లలో ఎక్కువ భాగం బిగింపు పాపమే. అర మీటరు షీటు, రాత్రి చలికీ మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి వేడికీ మధ్య 40 డిగ్రీల తేడా వస్తే దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. అందుకే రంధ్రం బోల్టు కన్నా 2 మిల్లీమీటర్లు పెద్దదుండాలి, మధ్యలో రబ్బరు గ్రామెట్ (రంధ్రంలో కూర్చునే రింగు), పైన నైలాన్ వాషరు ఉండాలి. చేత్తో బిగిసేదాకా తిప్పి, పానాతో పావు చుట్టు. అంతే. బోల్టు ఊడకుండా వేసే నీలం ద్రవం, అదే త్రెడ్‌లాకర్, ఈ ప్లాస్టిక్‌లకి విషం. రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. బదులుగా లోపల నైలాన్ ఉన్న నైలాక్ నట్టు వాడాలి. బ్రేకు ఆయిలు చుక్కా అంతే హాని. బిగించాక హ్యాండిలు ఇటు చివరనుంచి అటు చివరకి తిప్పి కేబుళ్లు లాగడం లేదని, హారను, ఇండికేటర్లు తగలడం లేదని చూసుకోవాలి. 100 కిలోమీటర్లు తిరిగాక అన్నిటినీ మళ్లీ ఒకసారి పట్టి చూడాలి.

హ్యాండిలుకి బిగించే గ్లాసుకీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలకి బిగించేదానికీ తేడా వంతెన మీద తెలుస్తుంది. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన మీదో చించినాడలోనో సాయంత్రం పక్కగాలి వీస్తుంటే, హ్యాండిలు మీది పొడుగు గ్లాసు ఆ తోపుడంతా నేరుగా చేతుల్లోకి పంపుతుంది. ఎదురు లారీ దాటినప్పుడు ఒక కుదుపు, వెనువెంటనే వ్యతిరేకంగా ఇంకో కుదుపు. ఫోర్కుకి బిగించింది కూడా స్టీరింగుతోనే తిరుగుతుంది గాని, బలం హ్యాండిలు చివర్ల మీద కాక మధ్యకి దగ్గరగా పడుతుంది, బిగింపూ గట్టిది. మీటియర్ 350 ఫోర్కు గొట్టం 41 మిల్లీమీటర్లు, ఆ కొలత క్లాంపే అడగండి. క్లాంపు పైన కదలని భాగానికే పట్టాలి, కింద జారే భాగానికి కాదు. వేగం పెరిగేకొద్దీ హ్యాండిలు మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలైతే వేగం తగ్గించి ఇంటికి రండి. ముందు టైరు గాలి, స్టీరింగు బేరింగు సరిగా ఉన్నాయని తేలాకే గ్లాసుని అనుమానించండి.

ఉప్పుగాలి ఇంకో సంగతి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లకి క్రోమ్ పూసిన ఇనప బ్రాకెట్లు తొందరగా చుక్కలు చుక్కలుగా తుప్పెక్కుతాయి. స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మితే అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుందంటే మామూలు ఇనుమై ఉండొచ్చు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ కూడా అతుక్కుంటుంది.

తుడవడంలో అందరూ చేసే తప్పు పొడి గుడ్డ. ఎండిన పురుగుల మీద తడి గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచి, నీళ్లు పోసి మట్టి జారిపోయాక, సబ్బు నీళ్లతో మెత్తటి గుడ్డని పైనుంచి కిందకి లాగాలి. గుండ్రంగా రుద్దొద్దు. పెట్రోలు, థిన్నరు, అమ్మోనియా ఉన్న కిటికీ అద్దాల ద్రవం, న్యూస్‌పేపరు, ఏదీ దగ్గరకి రానీయొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆరనిస్తే తెల్ల మచ్చలు పడతాయి, చివర్లో కాస్త మంచినీళ్లు పోసి వెంటనే అద్దాలి.

ఇక ఏప్రిల్, మేలో. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఉక్కపోతలో ఊళ్ల మధ్య 40లో తిరిగేటప్పుడు గ్లాసు చల్లగాలిని ఆపేస్తుంది, ఇంజను వేడి ఒళ్లోకే వస్తుంది, చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. అందుకే పనిముట్లు లేకుండా ఊడొచ్చే క్లిప్పులున్నదానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. తీసిన గ్లాసుని గోడకి ఏటవాలుగా ఆనించి వదిలేస్తే వేడికి వంపు మారిపోతుంది. పాత నూలు దిండు గలీబులో దూర్చి, బీరువా మీద బోర్లా పెట్టండి.